షో డేటాబేసెస్ గారికి, మిర్చి యార్డు నుంచి

మహారాజశ్రీ షో డేటాబేసెస్ గారికి, గుంటూరులో ఒక కమీషన్ కొట్టుకు లెక్కల ప్రోగ్రాం రాసిపెట్టినవాడు నమస్కరించి రాయునది. ఇక్కడ మేము క్షేమం కాదు. కారణం తమరే.

మా కొట్టుకు ఏడాదికో డేటాబేసు. మైఎస్‌క్యూఎల్ సర్వరులో ఏ డేటాబేసులున్నాయో పేర్లు చెప్పే ఆదేశం తమరు. నేను పీహెచ్‌పీ భాషలో రాసిన పేజీ తమర్ని అడిగి, ఏ ఏడాది లెక్కలు కావాలో ఎంచుకోమని జాబితా చూపిస్తుంది. మొన్న సర్వరు మార్చాం. అసలే సీజను, బయట టిక్కీల (మిర్చి బస్తాల) లోడు దిగుతోంది, లోపల అందరూ తుమ్ముతున్నారు. పేజీ తెరిస్తే ఒకే ఒక్క పేరు: ఇన్ఫర్మేషన్ స్కీమా. అది సర్వరు తన సొంత వివరాలు పెట్టుకునే చోటు, మా లెక్కలు కాదు.

"ఏమయ్యా, మూడేళ్ల లెక్కలు ఏవీ?" అన్నారు ఓనరు గారు. నా నోరు తడారిపోయింది. బ్యాకప్ ఉందా అని నన్ను నేను అడుక్కోలేదు, జవాబు తెలుసు కాబట్టి.

వణుకుతూ అన్ని హక్కులూ ఉన్న రూట్ యూజరుగా లాగిన్ అయితే అన్నీ తాపీగా కూర్చుని ఉన్నాయి! పేజీ వాడే యూజరుకు కొత్త సర్వరులో గ్రాంట్, అంటే ఆ డేటాబేసుల మీద హక్కు, ఇవ్వడం నేనే మరిచాను. హక్కు లేనివాడికి డేటాబేసు పేరు కూడా తమరు చెప్పరు. సరే, ఒకే సర్వరు మీద పది కొట్ల లెక్కలుంటే పక్కవాడి గుట్టు నాకెందుకు? కానీ 'ఇంకా ఉన్నాయి, నీకు చూపను' అని ఒక్క ముక్క అనొచ్చుగా! ఆఫీసులో గుమస్తా అయినా రేపు రమ్మంటాడు. తమరు ఎర్రర్ కూడా ఇవ్వరు.

షో స్కీమాస్ అని తమకు మారుపేరు ఉంది కదా, అలా పిలిస్తే కరుగుతారేమోనని అదీ చేశాను. అదే మొహం. తమరి పేరుతోనే ఒక పర్మిషన్ కూడా ఉంది, అది చేతిలో పెడితే ఉన్నవన్నీ చెబుతారు. దీన్ని మా వైపు ఏమంటారో రాయను.

ఒకప్పుడు పీహెచ్‌పీలో మైఎస్‌క్యూఎల్_లిస్ట్_డీబీస్ అనే ఫంక్షన్, తమ దగ్గరకు ఒక మధ్యవర్తి, ఉండేవాడు. పీహెచ్‌పీ 5.4 వెర్షన్‌లోనే వాణ్ణి వాడొద్దన్నారు, 2015 లో 7.0 వచ్చేసరికి ఇంటిల్లిపాదినీ పంపించేశారు. ఇప్పుడు డేటాబేసులతో మాట్లాడే పీహెచ్‌పీ పనిముట్టు పీడీవో చేత నేరుగా తమనే అడిగించాలి.

గ్రాంట్ ఇచ్చాను. మూడేళ్లూ వచ్చాయి, వాటి నెత్తిన ఆ ఇన్ఫర్మేషన్ స్కీమా కూడా అలాగే ఉంది. దాన్ని జాబితాలోంచి తీసేసేలోపే ఓనరు గారు చూడనే చూశారు.

"ఈ స్కీమా గారెవరు? మనకెంత బాకీ?"