అమీర్‌పేట డైవర్షన్ బాణం గారికి

మహారాజశ్రీ డైవర్షన్ బాణం గారి సముఖమునకు,

అనేక నమస్కారములతో విన్నవించుకొనునది ఏమనగా, మొన్న ఆదివారం మధ్యాహ్నం తమరు చూపిన దారిని నమ్మి, మేనత్తను స్కూటరు వెనుక కూర్చోబెట్టుకొని ఎడమవైపు తిరిగిన వాడిని నేనే. తమరి ముందు నుంచి రోజూ ఎన్నో వేల బండ్లు పోతాయి కనుక తమరికి జ్ఞాపకం ఉండకపోవచ్చు. అయినా అరగంటలో మూడుసార్లు దర్శనం చేసుకున్న భక్తుణ్ని ఏ దేవుడైనా గుర్తుపడతాడన్న ఆశతోనే ఈ లేఖ రాస్తున్నాను.

బల్కంపేట వైపు ఒక ఫంక్షన్ హాలులో మా బంధువులమ్మాయి నిశ్చితార్థం. తాంబూలాలు అందుకోవలసిన పెద్దముత్తైదువ మా మేనత్త. ముహూర్తం 12 గంటల 40 నిమిషాలకు. మేము అమీర్‌పేట చేరేసరికి 12 గంటల 10 నిమిషాలైంది. అక్కడ రోడ్డు నడుమ ఎవరో పైపు కోసం గొయ్యి తవ్వి, చుట్టూ ఎర్ర రిబ్బను కట్టి, ఆదివారం కదా అని వెళ్లిపోయారు. ఆ గొయ్యికి నాలుగడుగుల దూరంలో, సిమెంటు దిమ్మెలో పాతిన ఇనుప కాళ్ల మీద, పసుపు రేకుపై నల్లగా తమరు నిలబడి ఉన్నారు. గొయ్యి ఉన్నది, పక్కన బాణం ఉన్నది, ఇక ఆలోచించవలసింది ఏముంటుంది? తిరిగాను.

లోపల ఇరువైపులా హాస్టళ్లు, హాస్టళ్ల ముందు వరుసగా మోటారు సైకిళ్లు, వాటి నడుమ మిగిలిన సందులో ఒక నీళ్ల ట్యాంకరు. ప్రతి మలుపు దగ్గరా తమరి తమ్ముణ్నో, కనీసం దూరపు చుట్టాన్నో వెతుక్కుంటూ వెళ్లాను. రెండో బాణం ఎక్కడా లేదు. రెండో బాణం లేనప్పుడు మనిషి ఏం చేస్తాడు? ముందుపోయే ఆటో వెనుక పోతాడు. ఆ ఆటోవాడు నా వెనుక వచ్చేవాణ్ని చూసి ధైర్యం తెచ్చుకొని, తనకూ తెలియని దారిలో ఇంకొంత ముందుకు పోతాడు. చివరకు అందరం కలిసి తమరి ముందే తేలాము. రెండోసారి నేను కుడివైపు ప్రయత్నించాను, ఫలితం అదే. మూడోసారి తమరి దర్శనం కాగానే మా మేనత్త, "మూడు ప్రదక్షిణలు అయినయి గదరా, ఇగ గుళ్లెకన్న పోదాం పా" అంది.

అప్పుడు తమరి కాలికి తాడు కట్టి టార్పాలిన్ పరుచుకున్న ఇడ్లీ బండి ఆయన, చట్నీ గిన్నె కడుగుతూ, ఎంతో శాంతంగా చెప్పిన మాట ఇది: "అది ఇప్పటిది కాదు సార్, మెట్రో కట్టేటప్పటిది. గొయ్యి పక్కకెళ్లి సక్కగ పోతే అయిపాయె."

మేము చేరేసరికి తాంబూలాలు అయిపోయాయి. మా మేనత్తకు బదులు వియ్యపురాలి తోడికోడలు ఆ లాంఛనం జరిపించిందట. ఈ మాట మా ఇంట్లో ఇంకో పాతికేళ్లు వినబడుతుంది. భోజనాల్లో మాకు దక్కింది పెరుగన్నం, ఒక లడ్డూ.

అయ్యా, తమరి సర్వీసు రికార్డును ఒకసారి చూద్దాం. ఈ నగరంలో మెట్రో పనులు 2012లో మొదలయ్యాయి. మియాపూర్ నుంచి అమీర్‌పేట మీదుగా నాగోల్ దాకా 30 కిలోమీటర్ల మార్గాన్ని 2017 నవంబరు 28న ప్రారంభించారు. 2018 సెప్టెంబరు 24న అమీర్‌పేట నుంచి ఎల్బీనగర్‌కు, 2019 మార్చి 20న హైటెక్ సిటీకి రైళ్లు నడిచాయి. తమరి తల మీద ఒక మార్గం, దాని మీద ఇంకో మార్గం రైళ్లను పరుగెత్తిస్తున్నాయి. సత్యం థియేటరు పోయి అక్కడ మల్టీప్లెక్స్ వచ్చింది. తమరు మాత్రం ఆనాడు అప్పగించిన ఎడమవైపునే నేటికీ చూపిస్తున్నారు. తమరి కింద రాసిన "అసౌకర్యానికి చింతిస్తున్నాము" అన్న వాక్యంలో మొదటి మాట తుప్పుపట్టి రాలిపోయింది. ఇప్పుడు దేనికో తెలియకుండానే చింతిస్తున్నారు.

ఇందులో తమరి తప్పు లేదని వాదించేవారు ఉన్నారు, వారి వాదన నాకూ తెలుసు. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ 2014లో సవరించి ప్రచురించిన ఎస్.పి. 55 అనే మార్గదర్శకాలు, పని జరిగే రోడ్డును నాలుగు భాగాలుగా చూడమంటాయి: దూరం నుంచే హెచ్చరించే భాగం, బండ్లను మెల్లగా పక్కకు మళ్లించే భాగం, పని జరిగే భాగం, ఆ తరువాత అందరినీ తిరిగి సొంత దారిలో చేర్చే భాగం. మొదటి మూడింటినీ ఈ ఊరు ఏదో ఒక రూపంలో చూసింది. నాలుగోది రోడ్డు మీద కనబడిన పాపాన పోలేదు. మళ్లింపు ముగిసిందని చెప్పే బోర్డు ఆనాడు బండివాడికి కనబడలేదు. పని ముగిసిందని చెప్పే మనిషి తరువాత తమరి దగ్గరకు రాలేదు. ట్రాఫిక్ వారు గుత్తేదారుదన్నారు, గుత్తేదారు వెళ్లిపోయాడు, మిగిలినవారు తమరు తమ జాబితాలో లేరన్నారు. బల్కంపేట ఎల్లమ్మ కల్యాణానికి ఏటా ఆషాఢంలో ఇవే వీధుల్లో మళ్లింపులు పెడతారు, కల్యాణం కాగానే దారులు తెరుస్తారు. అమ్మవారి పనికి ముగింపు ఉంది, తమరి పనికి లేదు.

మెట్రో కట్టిన ఏళ్లలో నేను ఎస్సార్ నగర్‌లో అద్దెకు ఉండేవాణ్ని కనుక తమరి వంశమంతా నాకు పరిచయమే. నేల కింద స్టేషన్ కట్టే నగరాల్లో రోడ్డును సగం సగంగా తవ్వి, తవ్విన చోట ఇనుప పలకలు పరిచి పైనుంచి బండ్లను పంపుతారు. మన 69 కిలోమీటర్ల మెట్రో అంతా గాలిలోనే కనుక రోడ్డుకు హాయి అనుకున్నాము. స్తంభానికి రోడ్డు నడుమ కొంత చోటు చాలు. స్టేషన్‌కు అలా కుదరదు. దాని మెట్లు, లిఫ్టు, ఎస్కలేటరు దిగేది ఇరువైపులా ఫుట్‌పాత్ మీదనే. అందుచేత నడుమ నుంచి పనిచోటును మూసే రేకులు, పక్కల నుంచి రేకులు వచ్చి, మిగిలిన సందులో బస్సు, ఆటో, అంబులెన్సు ఇరుక్కుంటే, నడిచేవాడు లెక్కలోంచే పోయాడు. నా వంటింటి కిటికీలోంచి కనబడే పాలబూత్‌కు చేరడానికి పావుగంట పట్టేది. రేకు మీద దుకాణదారులు తమ చేతులతో "షాపు తెరిచే ఉంది, వెనుక నుంచి రండి" అని రంగుతో రాసుకునేవారు. ఆ రాతలు తమరికంటే ఎక్కువ మందికి దారి చూపాయి. మిగతా రేకంతా కంప్యూటర్ కోర్సుల కరపత్రాలు. దుమ్ము గురించి రాయను, అది అందరి ఊపిరితిత్తుల్లోనూ భద్రంగా ఉంది.

అదంతా భరించాము. రైలు వచ్చింది, ఎక్కాము, బాగుందన్నాము. స్తంభాల నంబర్లు మన చిరునామాలైపోయాయి. అంత భరించినవాణ్ని, పని ముగిసిన ఇన్నేళ్లకు మళ్లీ సందుల్లోకి తోలడానికి నువ్వెవరివి? ఒక మనిషి, ఒక ట్రాలీ ఆటో, పది నిమిషాలు. నిన్ను తీసేయడానికి కావలసింది అంతే! ఆ పది నిమిషాలు ఈ మహానగరంలో ఎవరి దగ్గరా లేవా?

కోపంలో ఏకవచనం దొర్లింది, మన్నించగలరు.

బుధవారం సాయంత్రం నేనే తమరిని పెకలించడానికి వచ్చాను. దిమ్మె కదలలేదు. ఇడ్లీ బండి ఆయన మాత్రం పరుగున వచ్చి చేయి పట్టుకున్నాడు. తమరు పోతే టార్పాలిన్ దేనికి కట్టాలని అడిగాడు. పైగా ఫోనులో ఆర్డరు ఇచ్చేవారందరూ తన బండిని "బాణం ఇడ్లీ" అనే అంటారట. రెండు ప్లేట్లు తిని ఇంటికి వచ్చేశాను. ఇడ్లీలు మెత్తగా ఉన్నాయి, పచ్చడిలో అల్లం సరిపోయింది.

నిన్న ఆ అమ్మాయి పెళ్లి శుభలేఖ అందింది. వివాహం అదే హాలులో. వెనుక దారి పటం వేయించారు. అందులో అమీర్‌పేట మెట్రో స్టేషన్ ఒక చుక్క. తమరు మాత్రం పసుపు రంగుతో, నిజమైన బాణంలాగానే, పక్కన ఈ వాక్యంతో ఉన్నారు: "డైవర్షన్ బోర్డు దగ్గర, అది చూపిన వైపు కాకుండా తిన్నగా రావలెను."

ఇట్లు,
తమరి చుట్టూ మూడుసార్లు తిరిగిన స్కూటరు