ఒక్క ఏఎస్ఓ రక్తపరీక్షతో తేల్చేయకండి

పాండాస్ అంటే స్ట్రెప్ బ్యాక్టీరియా ఇన్ఫెక్షన్ తర్వాత పిల్లల్లో హఠాత్తుగా చేసిందే చేయడం, కండరాలు అదరడం లాంటివి మొదలయ్యే జబ్బు. ఆ అనుమానం రాగానే ఖరీదైన యాంటీబాడీ ప్యానెల్ (కొన్ని రక్తపరీక్షల సెట్టు) చేయించమన్న సలహా నాకు మింగుడుపడలేదు. 1998లో అమెరికాలో డాక్టర్ సుసాన్ స్వీడో బృందం వివరించిన ఈ జబ్బును లక్షణాలు చూసే తేలుస్తారు, ఏ ఒక్క రక్తపరీక్షా ఖాయం చేయలేదు. మా అమలాపురంలో చేసే ఏఎస్ఓ, అంటే స్ట్రెప్ మీద ఒంట్లో తయారైన యాంటీబాడీలను కొలిచే పరీక్ష, కూడా అంతే. గొంతు ఇన్ఫెక్షన్ వచ్చిన 3-5 వారాలకు ఆ అంకె బాగా పెరుగుతుంది, ఒక్కోసారి నెలల తరబడి దిగదు. అందుకే కొన్ని వారాల తేడాతో రెండుసార్లు చూడాలి.

మా మేనల్లుడు జ్వరం తగ్గాక కళ్లు టపటపలాడించడం, కడిగిన చేతులే మళ్లీ కడగడం మొదలుపెట్టాడు. అక్క అన్నీ పాల లెక్కల క్యాలెండరు మీదే తేదీలవారీగా రాసింది. కాకినాడలో పిల్లల డాక్టరు గారు రిపోర్టుల కన్నా దాన్నే ఎక్కువసేపు చూశారు. గొంతు కల్చర్ (గొంతులోంచి నమూనా తీసి బ్యాక్టీరియా ఉందేమో చూసే పరీక్ష) మాత్రం యాంటీబయాటిక్ వేయకముందే ఇప్పించండి, మన వాళ్లు ముందు మెడికల్ షాపుకే పరిగెడతారు కదా!