దాయాదుల జల సహకారం

భారత్, పాకిస్తాన్ మధ్య సహకారం లేదని బాధపడేవాళ్లకి ఓ శుభవార్త. ఉంది. దశాబ్దాలుగా ఒక్క పూట కూడా ఆగకుండా, చర్చలూ కరచాలనాలూ లేకుండా, పగలూ రాత్రీ నడుస్తూనే ఉంది. కాకపోతే భూమి కింద నడుస్తోంది కాబట్టి టీవీ వాళ్ల కెమెరాకి అందడం లేదు.

పైన అంతా టెన్షనే. అటారీ-వాఘా దగ్గర జవాన్లు బూటు నుదుటికి తగులుతుందేమో అన్నంత ఎత్తుకి కాలు లేపుతారు, జనం చప్పట్లు కొడతారు. ఆ బూట్ల కింద మాత్రం రెండు పంజాబ్‌లకీ కలిపి అవే ఇసుక పొరలు, అవే నీళ్లు, వీసా అడిగేవాడు లేడు. 1947లో సరిహద్దు గీత గీసినవాళ్లు అది ఎంత లోతు వరకు చెల్లుతుందో రాయడం మరిచిపోయారు. 1960 సింధు ఒప్పందంలో ఆరు నదుల్ని చెరి మూడు పంచుకున్నారు గానీ, భూగర్భ జలాల పంపకం జోలికే పోలేదు. ఆ ఒప్పందాన్ని మనం 2025 ఏప్రిల్‌లో పక్కన పెట్టేశాం. కింది ఒప్పందం చెక్కుచెదరలేదు, లేని కాగితాన్ని ఎవరు మాత్రం చింపగలరు?

అందులో ఉన్నది ఒకటే షరతు: నువ్వు తోడుకో, నేనూ తోడుకుంటా. మన పంజాబ్‌లో సేద్యపు బోర్లు సుమారు 14 లక్షలు, 1997 నుంచి రైతుకి కరెంటు ఉచితం. అవతలి పంజాబ్‌లో పది లక్షలు దాటాయి. డీజిల్ ఖర్చుకి భయపడి పాపం వాళ్లు కొంచెం వెనకబడ్డారు గానీ, ఇప్పుడు సోలార్ పలకలు వచ్చాయి, సూర్యుడు బిల్లు పంపడు కదా, అందుకుంటున్నారు. మన వైపు ఏటా ఊరే నీళ్లలో తోడుకోదగ్గవి వంద బిందెలైతే తోడుతున్నది నూట యాభైకి పైనే. ఆ పై యాభై ఎక్కడివంటారా? తాతల నాటి డిపాజిట్టు. 2009లో జూన్ దాకా వరి నాట్లు వేయకూడదని చట్టం చేశారు. తేదీ మారింది, వరి మారలేదు.

ఇంత గొప్ప ఆదర్శం ఇంట్లో పెట్టుకుని కొందరు మేధావులు జెనీవాని చూడమంటారు. చూశాం. అక్కడ స్విస్ వాళ్లూ ఫ్రెంచి వాళ్లూ ఒకే భూగర్భ జలాన్ని తోడి తోడి ఇరవై ఏళ్లలో ఏడు మీటర్లు దించేశారట. ఏడు మీటర్లు! మా జిల్లాలో అది ఒక ఎండాకాలం లెక్క. దానికే కంగారుపడిపోయి 1978లో ఒప్పందం రాసుకున్నారు, బోరు బోరుకీ మీటరు బిగించారు, ఆర్వ్ నది నీళ్లని శుద్ధి చేసి భూమిలోకి ఇంకించడం మొదలుపెట్టారు, ఆ ఖర్చులో ఫ్రెంచి వాటా ఎంతో లెక్కగట్టారు. అక్కడితో బుద్ధి తెచ్చుకున్నారా అంటే, 2008లో మరో ముప్ఫై ఏళ్లకి పొడిగించుకున్నారు కూడా. ఇరుగుపొరుగన్నాక మోటారుకి మీటరు పెట్టుకుంటారా ఎవరైనా? అదేం సంస్కారం?

ఐక్యరాజ్యసమితి కూడా అదే ఏడాది సరిహద్దులు దాటే భూగర్భ జలాల మీద 19 అధికరణల ముసాయిదాని ‘గమనించింది’. మా పెదనాన్న పంచాయతీ నోటీసుని గమనించినట్టే.

పెదనాన్న అంటే గుర్తొచ్చింది. మాది రాతి నేల, పంజాబ్‌లా ఇసుక పొరలు కావు, అయినా ఈ సహకార సూత్రం మాకు బాగా తెలుసు. భాగాలు పంచుకున్న నాటి నుంచీ పెదనాన్నకీ బాబాయికీ మాటల్లేవు, గట్టు మీద ఎదురుపడితే ఇద్దరూ ఆకాశం చూస్తారు. బోర్లకి మాత్రం ఆ పట్టింపు లేదు. ఆయన మూడు వందల అడుగులంటే ఈయన నాలుగు వందలు, ఈయన ఆరు వందల యాభై అంటే ఆయన తొమ్మిది వందలు. 2004లో ఉచిత కరెంటు వచ్చాక ఇద్దరూ ఆటో స్టార్టర్లు పెట్టించారు, కరెంటు ఎప్పుడొచ్చినా మోటార్లు రెండూ ఒక్కసారే లేస్తాయి. ఇద్దరికీ పాయింటు చూసిపెట్టేది ఒకే మనిషి, బహుశా ఒకే కొబ్బరికాయ. ఉమ్మడి గొర్రె పుచ్చి చచ్చిందని అమ్మ గొణిగితే ఇద్దరిలో ఎవరూ వినిపించుకోలేదు.

మొన్న వేసవిలో బాబాయి కొత్త బోరులో వెయ్యి అడుగుల దాకా తెల్లటి దుమ్మే లేచింది. ఆ రాత్రి పెదనాన్న ఇంట్లో పరమాన్నం వండారు. మూడో రోజు పొద్దున ఆయన మోటారు గాలి లాగడం మొదలుపెట్టింది. బోరు బండి ఇంకా ఊరు దాటలేదు, అదొక్కటే అదృష్టం.