దిండు మీద చుక్క

(ఓ పాత మోటార్‌హోమ్, అంటే లోపలే కాపురం ఉండే బండి. నిచ్చెన వేసుకుని పైకప్పు ఎక్కిన ఆయన. చేతిలో కన్నాలు పూడ్చే సిలికాన్ ట్యూబు. కింద కిటికీలోంచి తల బయటపెట్టిన ఆవిడ. ఆవిడ చేతిలో ఓ నోటుబుక్కు. అందులో నాలుగు గడులు: తేదీ, జబ్బు, బాగుచేసినవారు, పాడుచేసినవారు. నాలుగో గడి ఆయనకి తెలియకుండా గీసుకున్నది.)

ఆవిడ: ఏమండీ, మళ్లీ పడింది. సరిగ్గా నా దిండు మీదే.

ఆయన: ఇప్పుడే కదే, దానికి సరిగ్గా పైన మూడు పూతలు పూశాను!

ఆవిడ: చుక్క ఎక్కడ పడితే కన్నం అక్కడే ఉండాలా? నీళ్లు ఎక్కడో ముందు దూరి, లోపల చెక్కల మీదుగా పాకి, తీరిగ్గా వచ్చి ఇక్కడ దిగొచ్చు.

ఆయన: అంత దూరం నడిచొచ్చి నీ దిండే చూసుకున్నాయంటే, వాటికీ నువ్వంటే ఎంత ఇదో!

ఆవిడ: సరసాలకేం గానీ, సిలికాన్ మీద సిలికాన్ పూస్తే అంటుకోదండీ. పాతదంతా గీకెయ్యాలి. అసలు రబ్బరు కప్పుకి వాడే సీలెంట్ వేరే ఉంది.

ఆయన: గీకుతాలే. ముందు కాస్త పెట్రోలుతో తుడిచి...

ఆవిడ: పెట్రోలా! రబ్బరు ఉబ్బిపోతుంది. దించండి ఆ డబ్బా. సబ్బు నీళ్లిస్తాను.

(ఆవిడేమీ ఇంజనీరు కాదు. బండితో వచ్చిన మాన్యువల్‌ను ఆయన ఊగుతున్న బల్ల కాలి కింద పెడితే, ఆవిడ తీసి చదివింది. బల్ల మళ్లీ ఊగుతోంది, అది వేరే సంగతి.)

ఆయన: ఎప్పుడూ ఆ చుక్క గొడవేనా? మిగతా బండి చూడు ఎలా ఉందో! టైర్లు చూడు. గాడులు ఎంత లోతుగా ఉన్నాయో! కొత్తవే.

ఆవిడ: టైరు పక్కన 0912 అని ఉంది, చూశారా?

ఆయన: చూశాను. డిసెంబరు తొమ్మిది. మొన్న మొన్నటివన్నమాట.

ఆవిడ: తేదీ కాదండీ అది! 2012లో తొమ్మిదో వారం తయారైందని. నిలబెట్టి ఉంచితే గాడులు అరగవు, రబ్బరు మాత్రం ముసలిదైపోతుంది. ఆ పగుళ్లు చూడండి.

ఆయన: పగుళ్లు నా మడమల నిండా ఉన్నాయి. నేను నడవట్లేదూ?

ఆవిడ: మీరు నాలుగు టన్నులు మోసుకుంటూ గంటకి 80 కిలోమీటర్లు నడవట్లేదుగా!

ఆయన: పోనీ బ్యాటరీ. పొద్దున్నే మీటరు పెట్టి చూశాను. 12 వోల్టులకి 11.8. అంటే నూటికి తొంభై ఎనిమిది మార్కులు!

ఆవిడ: మీకు లెక్కలు చెప్పిన మాస్టారికి దణ్ణం పెట్టాలి. నిండు బ్యాటరీ 12.6 దాకా చూపించాలండీ. 12 కంటే కిందికి జారిందంటే దాదాపు ఖాళీ అయిపోయినట్టే. మీకొచ్చింది ఫస్టు క్లాసు కాదు, ఫెయిలు.

ఆయన: పేరు మాత్రం 12 వోల్టులని పెట్టి, 12.6 కావాలంటే ఇదెక్కడి న్యాయం?

ఆవిడ: న్యాయం సరే, రెండ్రోజులుగా కరెంటు ప్లగ్గు పెట్టే ఉంది కదా. మరి ఛార్జింగ్ ఎందుకెక్కలేదు?

ఆయన: అదీ... ఆ ఛార్జరు రాత్రిళ్లు ఒకటే రొద. నాకు నిద్రపట్టక దాని తీగ పీకాను.

(ఆవిడ నాలుగో గడిలో ఏదో రాసుకుంది. టప్. ఇంకో చుక్క.)

ఆవిడ: ఏమండీ, వాన పడి ఎన్నాళ్లయింది?

ఆయన: వారమైంది. అయితే?

ఆవిడ: మరి ఈ నీళ్లెక్కడివి?

(పైన పూత ఆగింది.)

ఆవిడ: మొన్న ఏసీ వెయ్యలేదు, దిండు పొడిగా ఉంది. నిన్న రాత్రంతా వేశాం, తడిసి ముద్దయింది. ఇప్పుడూ ఏసీ ఆడుతోంది, చుక్క పడుతోంది.

ఆయన: కప్పు మీదున్న ఏసీ నీళ్లు లోపలికెందుకొస్తాయే? అవి బయటికి పోవడానికి దాని అడుగున కన్నాలుంటాయి. వాటిలోంచి కప్పు మీదికి జారిపోతాయి.

ఆవిడ: ఉన్నాయా మరి?

ఆయన: ఉండేవి.

ఆవిడ: ఉండేవంటే?

ఆయన: అంటే... కిందటి నెల కప్పు మీద కనపడ్డ కన్నమల్లా...

ఆవిడ: మూసేశారు.

ఆయన: ఒక్క కన్నం కూడా వదలొద్దని చెప్పింది నువ్వే కదా!

ఆవిడ: అలాగైతే మీ ముక్కు ఎందుకు వదిలేశారండీ?

ఆయన: ముందు ఆ ఏసీ ఆపు. గీకడానికి ప్లాస్టిక్ బద్ద ఒకటి అందించు. ఇనపదొద్దు, రబ్బరు చిరుగుతుంది.

ఆవిడ: అబ్బో! ఇది మాత్రం ఎక్కడ చదివారు?

ఆయన: బల్ల కాలి కింద పెడుతుంటే ఆ పేజీ తెరుచుకుంది.

(కాసేపు బరబరా గీకుడు. ఉన్నట్టుండి కప్పు అంచు మీంచి జలజలా నీళ్లు. ఆ కింద, కిటికీలో, ఎవరి తల ఉందో ముందే చెప్పాను.)

ఆయన: ఏమోయ్, ఆగిందా చుక్క?

ఆవిడ: (జుట్టు పిండుకుంటూ) దిండు మీద ఆగింది.

ఆయన: చూశావా మరి! మెకానిక్కు లేడు, ఖర్చు లేదు. రాయి నీ పుస్తకంలో. జబ్బు, ఏసీ లీకు. బాగుచేసినవారు, నేను.

ఆవిడ: రాశాను.

ఆయన: ఇంకా ఏదో రాస్తున్నట్టున్నావు?

ఆవిడ: ఆ పక్క గడి ఖాళీగా ఉంటేనూ, "పైవారే" అని రాస్తున్నానండీ.