పరామర్శకు వెళ్లేవాడు రోగి కాడు

వారం రోజులుగా డెల్టాలో టీకొట్టు నుంచి కలెక్టరేట్ దాకా నలుగుతున్న సంగతే కాబట్టి మొదటి నుంచీ చెప్పనక్కర్లేదు. ఓ పెద్దమనిషి హెలికాప్టర్‌లో కోనసీమకు పరామర్శకు వచ్చారు. విమానాల రాకపోకలను నియంత్రించే టవర్‌కు ఇచ్చిన కాగితంలో దాన్ని వైద్య ప్రయాణమని రాశారు. రేడియోలోనూ అదే చెప్పారు. దారి దొరికింది. వెనకొస్తున్న ప్రయాణికుల విమానం గాల్లో చక్కర్లు కొట్టింది. తీరా దిగాక చూస్తే లోపల స్ట్రెచర్ లేదు, ఆక్సిజన్ సిలిండర్ లేదు, డాక్టర్ లేడు, రోగి అసలే లేడు. కింద గజమాల మాత్రం సిద్ధంగా ఉంది. పరామర్శకు గజమాల ఏమిటో!

ఆయనది ఏ పార్టీ అన్నది మాకు అనవసరం. ఈ పార్టీ ఆ పార్టీని, ఆ పార్టీ ఈ పార్టీని తిట్టుకోవడానికే వారం సరిపోయింది. అడగాల్సిన ప్రశ్న ఇద్దరూ అడగలేదు. రోగి లేని ప్రయాణానికి రోగి పేరు ఎలా వాడుకున్నారు? ఈసారి ఊరుకుంటే రేపు వాడుకోనిదెవరు?

ఆకాశంలో ఎవరు ముందు, ఎవరు వెనుక అన్నది పలుకుబడిని బట్టి తేలే వ్యవహారం కాదు. అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ నిబంధనల్లో ఆ వరస రాసే ఉంది. ప్రమాదంలో పడి దిగక తప్పని విమానానిది మొదటి చోటు. ఆ వెంటనే ఆస్పత్రి విమానం, తక్షణం వైద్యం అందాల్సిన రోగిని మోస్తున్న విమానం. ముందుగా సమర్పించే ప్రయాణ ప్రణాళికలో 18వ గడిలో ఇందుకు చోటుంది. ప్రాణం మీదకు వచ్చిన మనిషిని తరలిస్తుంటే ‘మెడెవాక్’ అని, వైద్యాధికారులు వైద్య ప్రయాణంగా ప్రకటిస్తే ‘హాస్ప్’ అని అక్కడ రాస్తారు. దేశాధినేతల ప్రయాణమైతే ‘హెడ్’ అని రాస్తారు. మన పెద్దమనిషి దేశాధినేత కాదు కాబట్టి రోగుల గడిలోకి దూరారు.

టవర్‌లో కూర్చున్న కంట్రోలర్‌కు హెలికాప్టర్ లోపల ఎవరున్నారో కనిపించదు. చెవిలో పైలట్ గొంతు, ఎదురుగా ఆ ప్రయాణ ప్రణాళిక. ఆయన చేతిలో ఉండేవి ఇవే. ‘ముందు డాక్టర్ చీటీ చూపించు, తర్వాత దారి ఇస్తా’ అనే వ్యవధి ఉండదు, అనకూడదు కూడా. రోగి ఉన్నాడంటే నమ్మాల్సిందే. వచ్చేవాటిని పక్కకు తిప్పాల్సిందే. ఈ ఏర్పాటు మొత్తం మాట మీద నడుస్తోంది. ఆ మాటను ఒకసారి ఎవరైనా సొంతానికి వాడుకుని బాగుపడితే, రెండోసారి నిజంగా రోగితో వచ్చే పైలట్‌ని కంట్రోలర్ ఒక ప్రశ్న ఎక్కువ అడుగుతాడు. మా భయమంతా ఆ ఒక్క ప్రశ్న గురించే.

ప్రముఖుల భద్రత కూడా చూడాలి, వాళ్లను ఎక్కువసేపు గాల్లో ఉంచడం ముప్పు అని వాదించేవాళ్లున్నారు. నిజమే కావచ్చు. అయితే ఆ కారణమే చెప్పి, సొంత పేరుతో, సొంత హోదాతో ప్రాధాన్యం అడగండి. ఇస్తే తీసుకోండి. రోగి చీటీ మీద ఎందుకు అడగడం?

బ్రిటన్ వరస చూస్తే మన నాయకులకు మింగుడుపడదు. అక్కడ ప్రాణాపాయంలో ఉన్న రోగిని మోస్తున్న విమానం ‘ఏ’ వర్గంలో ఉంటుంది. రాజకుటుంబం విమానం ‘సి’ వర్గం. ప్రధానుల స్థాయి వాళ్లది ఆ తర్వాత ‘డి’. రాజుగారు కూడా అంబులెన్స్ వెళ్లాకే వెళ్తారన్నమాట. అమెరికాలో ఇంకా గట్టిగా ఉంటారు. అక్కడ మెడెవాక్ అన్న మాట విమానం రేడియో పేరుకు, అంటే కాల్‌సైన్‌కు ముందు చేరుతుంది. అది కూడా అత్యవసరమైన వైద్య పనికే, ప్రయాణంలో తొందర అవసరమైన ఆ భాగానికే. రోగిని దించేసి ఖాళీగా ఇంటికి తిరిగి వెళ్లేటప్పుడు అదే విమానం, అదే పైలట్ అయినా ఆ మాట వాడకూడదు. ప్రాధాన్యం విమానానిది కాదు, అందులో పడుకున్న మనిషిది. నిజమైన అంబులెన్స్ హెలికాప్టర్‌కే ఖాళీగా తిరిగి వెళ్తుంటే ఆ హక్కు లేనప్పుడు, పరామర్శ హెలికాప్టర్‌కు ఎక్కడిది?

‘ఎవరికీ ఏమీ కాలేదు కదా, ఎందుకింత రాద్ధాంతం’ అని అనుచరగణం అడుగుతోంది. ఆ రోజు ఏమీ కాలేదు, ఒప్పుకుంటాం. గాల్లో ఆపిన విమానం ఒక చుట్టు తిరగడానికి మామూలుగా నాలుగు నిమిషాలు పడుతుంది. టికెట్ కొన్నవాళ్లకు అది విసుగు, అంతే. కానీ అలా ఆపింది దాత గుండెను తీసుకెళ్తున్న విమానాన్నైతే? తీసిన గుండెను నాలుగు నుంచి ఆరు గంటల్లోపు మరొకరి ఛాతీలో అమర్చాలి. అందులో రోడ్డు ప్రయాణం పోను, ఆపరేషన్ వేళ పోను మిగిలేది ఎంత? గ్రీన్ ఛానెల్ అంటూ పోలీసులు కూడలి కూడలికీ నిలబడి మిగిల్చే నిమిషాలను పైన గాల్లో ఒక అబద్ధం మింగేయడానికి ఎంతసేపు?

డెల్టాలో ఉన్నవాళ్లకు ఇది ఎక్కడో ఢిల్లీ గొడవ కాదు. కోనసీమలో విమానాశ్రయం లేదు. విమానం కావాలంటే రాజమండ్రి దగ్గరి మధురపూడి వెళ్లాలి. ప్రయాణికుల విమానాలు, సముద్రంలో రిగ్గులకు వెళ్లే హెలికాప్టర్లు, నాయకుల రాకపోకలు అన్నీ అక్కడ ఒకే రన్‌వే మీద. అంతర్వేదిలో గుండెపోటు వస్తే కాకినాడ పెద్దాసుపత్రికి చేరడానికి వైనతేయ పాయ దాటాలి, గౌతమి పాయ దాటాలి. నరసాపురం వైపు వెళ్దామంటే సఖినేటిపల్లి రేవులో పంటు పడవ కోసం చూడాలి. గోదావరికి వరదొస్తే కనకాయలంక కాజ్‌వే మునుగుతుంది, నిండు చూలాలిని పడవ ఎక్కించాల్సిందే. 2014 జూన్ 27 తెల్లవారుజామున నగరం గ్రామంలో గ్యాస్ పైప్‌లైన్ పేలినప్పుడు ఒళ్లంతా కాలినవాళ్లను రోడ్డు మీదే అమలాపురం, కాకినాడ తీసుకెళ్లారు. ఎయిర్ అంబులెన్స్ అన్న మాట వింటే ఆశ పుట్టాల్సింది ఇలాంటి చోటే. ఆ మాటను ఇక్కడే, ఈ నేల మీదే పాడుచేశారు.

ఆ హెలిప్యాడ్ దగ్గర ఏం జరిగిందో కూడా చెప్పాలి. కాలేజీ మైదానంలో రాత్రికి రాత్రి సున్నంతో వలయం గీశారు. దుమ్ము లేవకుండా ఫైరింజన్ తెచ్చి నీళ్లు కొట్టించారు. అడ్డమొస్తాయని రెండు కొబ్బరిచెట్లు నరికారు. మైదానం పక్క రోడ్డుకు అడ్డంగా వెదురు కర్రలు కట్టారు. ఆ కర్రల ఇవతల 108 బండి ఆగింది. లోపల డయాలసిస్‌కు వెళ్లాల్సిన ముసలాయన, ఆయన చెయ్యి పట్టుకుని కూతురు. ‘సార్ దిగేదాకా ఆగమ్మా’ అన్నాడు కానిస్టేబుల్. కాగితం మీద రోగి గాల్లోంచి వస్తుంటే, నిజం రోగి కర్ర దగ్గర ఆగాడు.

రోడ్డు మీద అంబులెన్స్‌కు దారి ఇవ్వకపోతే 10,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ. 2019లో మోటారు వాహనాల చట్టంలో చేర్చిన 194ఇ సెక్షన్ ఇది. ఆటో డ్రైవర్‌కు ఈ సెక్షన్ చూపించే వ్యవస్థ, అంబులెన్స్ దారినే ఎత్తుకుపోయినవాడికి గజమాల వేయిస్తోంది. 2017 మే 1 నుంచి కార్ల మీద ఎర్రబుగ్గలు తీసేయించాం, ప్రముఖుల సంస్కృతి పోయిందని చప్పట్లు కొట్టుకున్నాం. బుగ్గ పోలేదు, పైకెక్కింది. ఇంకా నయం, ఎర్రబుగ్గ ఉన్న రోజుల్లో కనీసం అది మంత్రిగారి కారని తెలిసేది.

1934 నాటి విమాన చట్టం స్థానంలో భారతీయ వాయుయాన్ అధినియమ్ అనే కొత్త చట్టం 2025 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చింది. కొత్త చట్టానికి కొత్త నియమాలు రాసుకోవడానికి ఇంతకంటే మంచి సందర్భం రాదు. వైద్య ప్రయాణమని రాసిన ప్రతి ప్రణాళికకూ పంపే ఆస్పత్రి, చేర్చుకునే ఆస్పత్రి పేర్లు, బాధ్యత వహించే డాక్టర్ సంతకం ఉండాలి. గాల్లో ఉండగా ఎవరూ అడ్డుచెప్పొద్దు. దిగిన తర్వాత మాత్రం ప్రతిదాన్నీ సరిచూడాలి. రోగి లేడని తేలితే ఆపరేటర్ అనుమతి రద్దు చేయాలి, అందులో కూర్చున్నవాడి మీదా కేసు పెట్టాలి. పైలట్ ఒక్కడి మీద నెట్టేసి చేతులు దులుపుకుంటామంటే కుదరదు. పైలట్‌కు ఆ మాట అప్పజెప్పింది ఎవరో అందరికీ తెలుసు.

విచారణ చేస్తున్నామని అధికారులు అంటున్నారు. విచారణకు ఏముంది? ఉన్నది ఒకే ఒక్క కాగితం. వైద్య ప్రయాణమని అందులో రాసిందెవరు, ఏ డాక్టర్ చెబితే రాశారు, ఏ రోగి పేరు పెట్టారు? సోమవారం లోగా బయటపెట్టండి. ఊరి మొదట్లో హెలికాప్టర్ బొమ్మతో కట్టిన ‘మా కోసం దిగివచ్చిన దేవుడు’ ఫ్లెక్సీ కూడా తీయించండి. ఆ పెద్దమనిషి మౌనం వహించారట. రేడియోలో అబద్ధం చెప్పించడానికి లేచిన నోరు ఇప్పుడెందుకు పెగలడం లేదు?