చక్కెరకు తొందర లేదు

రక్తపరీక్ష రిపోర్టు చేతికి రాగానే చాలామంది ముందు వెతుక్కునేది హెచ్‌బీఏ1సీ అంకె, అంటే రక్తంలోని హిమోగ్లోబిన్‌లో ఎంత శాతానికి చక్కెర అతుక్కుందో చెప్పేది. "6.5 దాటింది, ఏం చేయమంటారు?" అని నాకు ఫోన్లు వస్తుంటాయి. చక్కెరలు ప్రోటీన్లను ఎలా పట్టుకుంటాయన్నదే నా జీవితకాలపు పరిశోధన కాబట్టి అడుగుతారు. చికిత్స సంగతి డాక్టరే చెప్పాలి. ఆ అంకె మనదాకా ఎలా వచ్చిందో మాత్రం నేను చెప్పగలను.

1912లో ఫ్రెంచి శాస్త్రవేత్త లూయీ కమీల్ మయార్, అమైనో ఆమ్లాలను చక్కెరతో కలిపి వేడిచేస్తే గోధుమరంగు తేలుతుందని ప్రకటించారు. బ్రెడ్డు పైపొరకు రంగు వచ్చేది ఈ చర్యవల్లే. 1953లో అమెరికా వ్యవసాయశాఖ ప్రయోగశాలలో జాన్ హాడ్జ్ దాని మెట్లను వరుసలో పెట్టారు. అప్పటికీ అది ఆహార రసాయనమే. 1968లో టెహ్రాన్‌లో శామ్యూల్ రహ్‌బర్ అసాధారణ హిమోగ్లోబిన్ల కోసం రక్త నమూనాలు పరీక్షిస్తుంటే, షుగర్ ఉన్నవాళ్లలో ఒక రకం హిమోగ్లోబిన్ పట్టీ మామూలుకంటే చిక్కగా కనిపించింది. ఆయన వెతుకుతున్నది అది కాదు. అయినా వదిలేయలేదు. హిమోగ్లోబిన్‌కు గ్లూకోజ్ అతుక్కోవడమే దానికి కారణమని తర్వాత తేలింది.

ఈ అతుకు వేయడానికి ఏ ఎంజైమూ అక్కర్లేదు. ఎర్రకణం సుమారు 120 రోజులు బతుకుతుంది. అన్నాళ్లూ ఎంత చక్కెరలో తిరిగిందో దాని గుర్తు హిమోగ్లోబిన్ మీద పడుతూనే ఉంటుంది. అందుకే ఆ ఒక్క అంకెలో గడిచిన రెండు మూడు నెలల సంగతి తెలుస్తుంది. కంటి కటకంలోని క్రిస్టలిన్‌కు, చర్మంలోని కొల్లాజెన్‌కు ఆ గుర్తులు చెరుపుకునే వీలు ఇంకా తక్కువ. అవి ఏళ్లతరబడి మారకుండా ఉండే ప్రోటీన్లు. వాటిలో పేరుకున్న చక్కెర అవశేషాలే వాటిని పసుపెక్కించి, ఒకదానితో ఒకటి బిగదీసి, గట్టిపరుస్తాయి. వయసుతో వచ్చే మార్పుల్లో దీనికీ పాత్ర ఉండవచ్చని 1981లో మోనియే, సెరామీ అనే శాస్త్రవేత్తలు ప్రతిపాదించారు.

ఇక్కడే నా బాధ మొదలవుతుంది. రక్తంలో గ్లూకోజ్ లీటరుకు 5 మిల్లీమోల్స్ ఉంటుంది. పైగా అది దాదాపు ఎప్పుడూ ఉంగరం ఆకారంలో ముడుచుకుని ఉంటుంది. ముడి విప్పుకున్న కాసిని అణువులే ప్రోటీన్‌ను పట్టుకుంటాయి. ఆ గాఢతలో ఆల్బుమిన్ అనే రక్తపు ప్రోటీన్‌ను 37 డిగ్రీల దగ్గర ఉంచి, బాక్టీరియా పట్టకుండా కాపాడుకుంటూ వారాలు కూర్చున్నా రంగు మారినట్టు కంటికి ఆనదు. గ్రాంటు మూడేళ్లది. అందుకని ఎంతోమంది 500 మిల్లీమోల్స్ పోస్తారు, అంటే వంద రెట్లు. నేనూ పోశాను. రంగు వచ్చింది, పేపర్లు వచ్చాయి. కానీ అందులో పుట్టిన పదార్థాలన్నీ, అదే పాళ్లలో, మనిషి శరీరంలోనూ పుడతాయని నేను ధైర్యంగా చెప్పలేను. తక్కువ చక్కెరతో ఎక్కువకాలం చూస్తానని ఒక దరఖాస్తు పెట్టుకుంటే "ఫలితం ఆలస్యమవుతుంది" అని తిప్పి పంపారు. ఆలస్యమే కదా నేను చూడాలనుకున్నది!

ఓపిక పట్టినచోట ఏం దొరుకుతుందో మనకు తెలుసు. షుగర్ అదుపు మీద జరిగిన డీసీసీటీ అనే అధ్యయనంలో 1,441 మంది టైప్ 1 షుగర్ ఉన్నవాళ్లను సగటున 6.5 ఏళ్లు గమనించారు. షుగర్‌ను గట్టిగా అదుపులో పెడితే కళ్లు, మూత్రపిండాలు, నరాలు దెబ్బతినడం బాగా తగ్గుతుందని 1993లో వచ్చిన ఆ ఫలితమే హెచ్‌బీఏ1సీకి ఇంత విలువ తెచ్చింది. అందులో పాల్గొన్న కొందరు తమ చర్మపు ముక్కలు కూడా ఇచ్చారు. కొల్లాజెన్‌లో చక్కెర ఎంత పేరుకుందో వాటిలో కొలిచారు.

మన సంఘంలో విశ్వవిద్యాలయాలకు విరాళాలు ఇచ్చేవాళ్లు ఉన్నారు. భవనానికీ, కొత్త యంత్రానికీ ఇస్తున్నారు. ఒక్కసారి ఇలా రాసి ఇవ్వండి: ఈ డబ్బు ఒకే ప్రశ్న మీద పదేళ్లు పనిచేసేవాళ్లకు, మధ్యలో పేపర్ల లెక్క అడగకూడదు. అలాంటి చెక్కు నాకు ముప్ఫైలలో దొరికి ఉంటే 5 మిల్లీమోల్స్ నాళికలే పెట్టుకునేవాణ్ని.