సవరణ: తడిసిన బ్రేకు గురించి నేను రాసింది తప్పు

పాత కేబుల్ క్రేన్లలో బ్రేకు బ్యాండు తడిస్తే పెడల్‌ను మరింత గట్టిగా తొక్కితే చాలని మొన్న రాశాను. అది తప్పు, ప్రమాదకరం కూడా. దయచేసి ఆ మాట పాటించకండి. ఈ యంత్రాల్లో బరువును పట్టి ఉంచేది తాడు చుట్టుకునే డ్రమ్ముకు, దాన్ని చుట్టి పట్టే బ్యాండు లోపలి లైనింగుకు మధ్య ఒరిపిడి. మధ్యలో నీటి పొర చేరితే కాలి బలాన్ని నమ్ముకోలేం. వాన వెలిశాక, మంచు కురిసిన ఉదయాన, ముందు ఖాళీ కొక్కేన్ని బ్రేకు కాస్త ఆనించి పైకీ కిందికీ నడపాలి. లైనింగు వెచ్చబడి తడి ఆరుతుంది. తర్వాత బరువును జానెడు మాత్రమే ఎత్తి, ఆపి, గమనించాలి. వేలెడు జారినా వెంటనే దించేయాలి.

బూమ్ (క్రేన్ పొడవాటి చేయి) డ్రమ్మును తిరగకుండా ఆపే గడియ, అంటే పాల్‌ను తీసేముందు బూమ్‌ను కొద్దిగా పైకి లాగాలన్న మాటలో మార్పు లేదు.